జములమ్మ ఆమెన్ అనలేదు

అమరచింత చర్చిలో చిన్నయ్య ప్రార్థనకు లేచాడంటే ఆడవాళ్లు పొయ్యి మీద కూర సంగతి మరిచిపోవలసిందే. ఆదాము దగ్గర మొదలుపెట్టి, అబ్రాహామును పలకరించి, ఎర్ర సముద్రం దాటి ఆయన ఊళ్లోకి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయేవారు. అయినా ఎవరూ కిక్కురుమనరు. ప్రార్థన నడుమ మాట్లాడటం ఆ సంఘంలో మహాపాపం. ఆమెన్ వినబడేదాకా కన్ను తెరవకూడదు, నోరు మెదపకూడదు. చీమ కుట్టినా ఓర్చుకోవాలి.

కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టగానే చర్చికి తాళం పడింది. పల్లెపల్లెకూ పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేశారు. పాస్టరయ్య ఒంటరిగా ఉన్న ముసలివాళ్లలో తలా కొందరిని సంఘం వాలంటీర్లకు అప్పగించి, "రోజు ఫోన్ జేసి పలకరించుండ్రి, ఏం గావాల్నో అడుగుండ్రి," అన్నాడు. చిన్నయ్య వంతుకు వచ్చినవాళ్లలో జములమ్మ ఒకతి. పక్క పల్లెలో, ఊరి చివర ఒక్కతే ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నా అమ్మోరి పేరు మార్చుకోలేదు. "పిలిస్తె పలుకుత, గది చాలదా?" అనేది. ఆదివారం ఆరాధనకు వచ్చి, తిరిగి వెళ్తూ అమరచింతలో బీపీ గోలీలు కొనుక్కుపోయేది. ఇప్పుడు ఆరాధనా లేదు, ఆటోలూ లేవు.

చిన్నయ్య రోజూ ఫోన్ చేసేవాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

"వందనాలవ్వా! మంచిగున్నవా?"

"ఏం మంచి కొడుకా, గోలీలు ఐపోయి..."

"ప్రార్థనల పెడదాం. కండ్లు మూసుకో."

అంతే, ఎర్ర సముద్రం. "మహోన్నతుడవగు తండ్రీ, గోలీలు లేకపోయినను నడిపించగల దేవుడవు," అని గొంతు వణికించి, ఆమెన్‌తో పాటే ఫోన్ పెట్టేసేవాడు. తరువాత ఇంకొకరికి చేయాలి కదా! కళ్లు తుడుచుకుని, ఒక ఆత్మను బలపరిచానని మురిసిపోయేవాడు.

ఆయన భార్య మణెమ్మ బియ్యం చెరుగుతూ ఇదంతా వినేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అవ్వ ఏమన్నదయ్యా?"

"గదే, మామూలే. ప్రార్థనల పెట్టిన."

"పెట్టినవ్ సరే, ఆమెకేం గావాల్నో విన్నవా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంట. గా పూజారివి నువ్వే."

"నీకు విశ్వాసం తక్కువ," అన్నాడు చిన్నయ్య. ఈ ఒక్క మాట అనేస్తే వాదన గెలిచినట్టేనని ఆయన నమ్మకం.

మరునాడు ఫోన్ చేయగానే జములమ్మే ముందు అందుకుంది. "ఇయ్యాల ప్రార్థన నేను జేస్త కొడుకా. నువ్వు కండ్లు మూసుకో."

చిన్నయ్య పొంగిపోయాడు. తన తర్ఫీదు ఊరికే పోలేదు! స్పీకర్ పెట్టి, మణెమ్మకు చూశావా అన్నట్టు సైగ చేసి, కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, దండం. గీ చిన్నయ్యకు మస్తు నోరిచ్చినవ్. రెండు చెవులు గూడ ఇచ్చినవ్ గని, అవి మాస్కు తగిలిచ్చుకునేటందుకే అనుకుంటుండు."

మణెమ్మ చేట పక్కన పెట్టింది.

"నా బీపీ గోలీలు ఐపోయి శాన దినాలాయె తండ్రీ. రోజు చెప్తున్న, వింటలేడు. నీకే చెప్పుకుందామంటే నీ లైనంత ఈయనే పట్టుకొని కూసుండె. నిన్న తల తిర్గి ఇంటి కడప కాడ పడ్డ. లేవరాలే. ఎవ్వరన్న వస్తరేమోనని జూసిన, ఎవ్వరు రాలే. నాకు భయమైంది ప్రభువా."

చిన్నయ్య కళ్లు తెరిచాడు. గోలీల సంగతి తాను వినలేదా? విన్నాడు. రోజూ విన్నాడు. విని, దేవుడి మీదికి తోసేసి చేతులు దులుపుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"అవ్వా..." అన్నాడు.

"ప్రార్థన నడుమ మాట్లాడేటోళ్లను క్షమించు తండ్రీ," అంది జములమ్మ. "గోలీలు నా చేతుల పడ్డంకనే ఆమెన్ అంట. అందాక గీ బిడ్డ నోరు కట్టెయ్యి, కాళ్లు కదిలియ్యి."

మణెమ్మ అప్పటికే టీవీఎస్ బండి తాళం తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది.

జేబులో ఫోన్ ప్రార్థిస్తుండగా చిన్నయ్య మందుల దుకాణం ముందు బండి ఆపాడు. "ఏం గావాలె చిన్నన్నా?" అన్నాడు దుకాణదారు. నోరు తెరవకూడదాయె! జేబు చూపించాడు. "ప్రభువా, బీపీ గోలీలు, తెల్లగ సన్నగ ఉంటయి. జములమ్మకు అని చెప్తే దుకాణపాయనకు ఎరుకే," అంది జేబు. దుకాణదారు నవ్వాపుకుంటూ గోలీలు చేతిలో పెట్టాడు.

ఊరు దాటగానే కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు. "ఏడికి? లాక్‌డౌన్ తెల్వదా?" చిన్నయ్య మూగవాడిలా మళ్లీ జేబే చూపించాడు.

"ప్రభువా, తొవ్వల పోలీసు బిడ్డను సల్లగ జూడు. ఎండల నిలవడ్డడు. వాళ్లమ్మకు బీపీ గిట్ల ఉంటే కాపాడు."

కానిస్టేబుల్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. "పో, జల్ది పో," అన్నాడు.

పల్లె పొలిమేరలో ముళ్లకంప ఉంది. చిన్నయ్య బండి అక్కడే వదిలి, కంపలో దూరి, పంచె చింపుకుని, అబ్బా అనబోయి ఆ అబ్బాను మింగేసి పరుగెత్తాడు. జేబులో గొంతు సన్నబడుతోంది. "ప్రభువా... ప్రభువా..." తప్ప మరో మాట రావడం లేదు. ఒక ప్రార్థన ఆగిపోతుందేమోనని చిన్నయ్య భయపడటం జన్మలో అదే మొదటిసారి.

జములమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. చిన్నయ్య గోలీల పట్టీ ఆమె చేతిలో పెట్టాడు. వేళ్లతో తడిమి చూసుకుంది. ఒకటి తీసి నోట్లో వేసుకుని, చెంబులో నీళ్లు తాగింది.

"ఆమెన్," అంది.

"ఆమెన్!" అన్నాడు చిన్నయ్య, ఊరంతా వినబడేలా.

జములమ్మ కళ్లు తెరిచి, చిరిగిన పంచెను ఎగాదిగా చూసింది. "వచ్చినవా కొడుకా. ఇంగ నువ్వు జేస్తవా ప్రార్థన?"

చిన్నయ్య దూరంగా చతికిలపడ్డాడు. ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు. "వద్దవ్వా. ఇంకేం గావాల్నో చెప్పు. వింట."

"చెప్త గని, ముందుగాల ఫోన్ కట్ జెయ్యి. చార్జింగ్ ఒడుస్తది."

చిన్నయ్య కట్ చేశాడు. జములమ్మ బియ్యంతో మొదలుపెట్టింది.