ఎక్కడికని అడగరాని ఇల్లు

మా మనవరాలు భవాని కొత్తగూడెంలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం పని. చదువుకునే పిల్లలకు బయట పని ఇప్పించే పద్ధతి ఒకటి వాళ్ల కాలేజీలో పెట్టారు. నెల చూసి, యజమాని సరేనంటేనే పని నిలుస్తుంది. పరీక్ష ఫీజు తన జీతంలోంచే కట్టుకోవాలని దాని పట్టుదల.

ఏం పనో మాత్రం నాకు తెలియదు. గడప దాటేవాళ్లను ఎక్కడికని మా ఇంట్లో అడగం. అడిగితే పోయిన మనిషి తిరిగిరాడని మా అత్త భయం. ఆమె పోయాక ఆ భయం నాకు మిగిలింది. మరీ ఉండబట్టకపోతే "దూరమా?" అంటాం. భవాని "దగ్గరే" అని వెళ్లిపోయేది.

సాయంత్రం వచ్చేసరికి గొంతు బొంగురు, బట్టలకు డీజిల్ వాసన. ఒకరోజు సంచిలో కుంకుమ పొట్లం, ఇంకోరోజు ఎవరో ఇచ్చిన కోవా. గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముతోందా? బస్సులు కడుగుతోందా? బస్సులు కడిగితే గొంతెందుకు పోతుంది? కూర తరుగుతున్నా అదే ధ్యాస.

శుక్రవారం మూతి ముడుచుకుని వచ్చింది.

"ఏందే, గట్లున్నవ్?"

"రేపటితోని పని బంద్ అయితదేమో నానమ్మా. ఆజం సేటు కోపంగున్నడు."

"ఏం జేసినవ్?"

"అడగాల్సింది అడుగుతలేనని." నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "నువ్వే వచ్చి చూడు."

మర్నాడు దాని వెంట వెళ్లాను. కొత్తగూడెం రైల్వే స్టేషన్ బయట ఆజం గారి ట్రావెల్స్. స్టేషన్ బోర్డు కూడబలుక్కుని చదివాను: భద్రాచలం రోడ్. నాకు చదువు నేర్పింది ఇట్లాంటి బోర్డులే. ఆ పేరు చూసి, గుడి ఇక్కడే ఉందనుకుని దిగుతారు జనం. గుడికి ఇంకా గంట ప్రయాణం. వాళ్లను పలకరించి భద్రాచలం, పర్ణశాల, పాల్వంచ వ్యాన్లలో సరిగ్గా ఎక్కించడం భవాని పని.

రైలొచ్చింది. సంచులతో ఒక కుటుంబం బయటికొచ్చింది. భవాని ఎదురెళ్లింది.

"దూరమా అండీ?"

"దూరమేంటమ్మా, ఇదేగా భద్రాచలం!" అంటూ ఆయన పిల్లల్ని తోలుకుని ఎండలో నడిచిపోయాడు.

ఆజం నెత్తి కొట్టుకున్నాడు. "చూసిన్రా పెద్దమ్మా? పిల్ల మంచిదే. ఏడికి అని అడగదు. నిన్న పాల్వంచోళ్లను పర్ణశాల బండ్ల ఎక్కించింది. ఆ మాట లేకుంట నా దుకాణం ఎట్ల నడుస్తది?"

భవాని తల దించుకుంది. "అడుగుదామంటే నువ్వే యాదికొస్తవ్ నానమ్మా. నోరు రాదు."

నా పెంపకమే దాని పని పోగొడుతోంది. దాని గడ్డం పట్టి తల పైకెత్తాను.

"మీ తాత గోదారి వరద చూస్తనని భద్రాచలం పోయిండు. తొవ్వల గుండె ఆగింది. పొయ్యేటప్పుడు ఏడికని ఎవరన్న అడిగిన్రా?"

"లేదు గద."

"అడగలే. అయినా రాలే."

ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడటం నాకదే మొదలు. ఆయన పోయాక నేను ఆ దారి తొక్కలేదు. వెళ్లి వ్యాన్ ముందు నిలబడ్డాను.

"అడుగు నన్ను."

"వద్దు నానమ్మా."

"అడుగే! ఎనక జనం నిలబడ్డరు."

"ఏ... ఏడికి నానమ్మా?"

"భద్రాచలం. వరద ఎట్లుంటదో నేను చూడొద్దా?"

"పెద్దమ్మకు ముందు సీటు!" అని ఆజం కేకేశాడు.

"నువ్వు వాపసొస్తేనే నేను ఇంకొకళ్లను అడుగుత," అంది భవాని.

దారిపొడుగునా సీటు కమ్మీ వదల్లేదు. అడవి దాటింది, వంతెన వచ్చింది. గోదారి ఎర్రగా, ఒడ్డును ఒరుసుకుంటూ పారుతోంది. ఇది చూడాలనే కదా ఆయన బయల్దేరాడు అనుకుంటూ ఆయన వంతు కూడా చూశాను. దేవుడికి దణ్ణం పెట్టుకుని అదే వ్యాన్లో తిరిగొచ్చాను.

నేను దిగడం చూసి భవాని పరుగెత్తుకొచ్చింది. నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, సాయంత్రం రైలు వైపు తిరిగింది.

"ఏడికన్నా? ఏడికక్కా?"

"సోమవారం జల్దీ రా బేటా," అన్నాడు ఆజం.

సోమవారం అది చెప్పులేసుకుంటుంటే గడప దగ్గర నిలబడ్డాను. ద్వారబంధం గట్టిగా పట్టుకున్నాను.

"ఏడికే?"

భవాని తిరిగి చూసింది. "తెల్వదా నీకు?"

"తెలుసు. అడిగి చూస్తున్న."