మోటార్లు ఆపిన గంట

ఇబ్రహీంపట్నంలో ఆ సందుకి మునిసిపాలిటీ నీళ్లు రోజుకి ఒక్కసారే వస్తాయి. పావుతక్కువ పదకొండుకి మొదలై పన్నెండులోపే ఆగిపోతాయి. వచ్చేది సన్నటి ధార. అందుకని ఇంటింటికీ కుళాయి గొట్టానికి ఒక చిన్న మోటారు బిగించుకున్నారు. అలా బిగించకూడదని మునిసిపాలిటీ వాళ్లు చెబుతూనే ఉంటారు, వీళ్లు తలూపుతూనే ఉంటారు. పదిహేను మోటార్లు ఒక్కసారి మొదలయ్యాయంటే ఇంట్లో పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాల్సిందే.

హన్నాకి ఇంటర్వ్యూ పెట్టింది సరిగ్గా ఆ గంటలోనే.

హన్నాకి ముప్ఫై రెండేళ్లు. బెజవాడలో ఒక మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో ఆరేళ్లు పనిచేసింది. కిందటేడు ఒక శుక్రవారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆఫీసు మూసేస్తున్నామని చెప్పారు. ఆ తర్వాత పది నెలల్లో ఎన్ని కంపెనీలకి రాసిందో ఆమెకే గుర్తులేదు. జవాబు వచ్చింది ఒక్కచోటి నుంచి. హైదరాబాదు కంపెనీ, ఇంటి నుంచే చేసుకునే పని. హెచ్చార్ మేడం పేరు రోష్ని. 'మీ అనుభవం మాకు సరిగ్గా సరిపోతుంది హన్నా గారూ, మంగళవారం పదకొండింటికి వీడియో కాల్‌లో మాట్లాడదాం' అని మెసేజ్ పెట్టింది. మధ్యాహ్నానికి మార్చమని అడుగుదామని హన్నా టైపు చేసి, మళ్లీ చెరిపేసింది. పది నెలలుగా పలకరించే దిక్కులేని మనిషికి బేరమాడే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆమె తల్లి సంపూర్ణమ్మకి ఆ మొహమాటాలేం లేవు. మిషన్ స్కూల్లో పాతికేళ్లు ఆయాగా చేసి, సగం ఊరి పిల్లల ముక్కులు తుడిచిన మనిషి. సోమవారం సాయంత్రం మిగతా పద్నాలుగు గుమ్మాలూ ఎక్కి దిగింది. "రేపొక్క గంట మోటార్లు ఆపండమ్మా, మా పిల్లకి ఫోన్లో ఇంటర్వ్యూ" అంది. ఎవరూ కాదనలేదు. ఎదురింటి నాగమల్లేశ్వరి మాత్రం కాస్త నసిగింది. ఆమె పొద్దున్నే సెంటర్లో చేపలమ్ముకుని పదింటికల్లా తిరిగొస్తుంది. ఆ నీళ్లు పట్టుకుంటేగాని టబ్బులు కడగడం కుదరదు.

"ఒక్క రోజేగా వదినా, పోనీలే," అంది చివరికి.

మంగళవారం పదకొండింటికి సందంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఎవరో టీవీ కూడా కట్టేశారు. హన్నా ఇస్త్రీ చేసిన కాటన్ చీర కట్టుకుని, పాత లాప్‌టాప్ ముందు కూర్చుంది. లింకు నొక్కితే 'హోస్ట్ వచ్చే వరకు ఆగండి' అని వచ్చింది. ఆగింది. పదకొండున్నర అయింది. పన్నెండు కొట్టేసరికి తెరమీద అవే అక్షరాలు, కుళాయిల్లో గాలి.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. 'సారీ, మీటింగ్‌లో ఇరుక్కుపోయాను. గురువారం పదకొండింటికి తప్పకుండా.'

"ఇరుక్కుపోయిందంటమ్మా పాపం," అని సంపూర్ణమ్మ మళ్లీ పద్నాలుగు గుమ్మాలూ ఎక్కింది. గురువారం మళ్లీ మోటార్లు ఆగాయి. మళ్లీ అదే చీర. ఈసారి సారీ కూడా లేదు, 'వచ్చే మంగళవారం, అదే టైం' అని మాత్రం రెండు రోజుల తర్వాత వచ్చింది. ఆ రెండు రోజులూ హన్నా ఫోన్ని స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్లింది.

"ఈసారి ఎవరినీ అడగొద్దమ్మా, నాకు సిగ్గుగా ఉంది," అంది తల్లితో.

"ఇప్పుడే అందరికీ చెప్పొచ్చానే!"

మూడోసారి, ఆ మంగళవారం, ఎండ మండిపోతోంది. కిటికీలోంచి చూస్తే నాగమల్లేశ్వరి గుమ్మంలో కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. పక్కన కడగని టబ్బులు, వాటిమీద ఈగలు. ఆమె కూతురు సింధూరి గడపలో నిలబడి, ఏడుస్తున్న పక్కింటి చంటిదాన్ని ఎత్తుకుని జోకొడుతోంది, కాల్‌కి అడ్డం కాకుండా. పదకొండూ పదైంది. పదకొండూ ఇరవై. 'హోస్ట్ వచ్చే వరకు ఆగండి.' సందులో అంతమంది తనకోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఇంకాసేపట్లో తలుపు తీసి, 'ఈసారీ రాలేదు' అని చెప్పాలి. ఆ మాట అనడం తన వల్ల కాదని హన్నాకి అర్థమైపోయింది.

గొంతు సవరించుకుంది. "గుడ్ మార్నింగ్ మేడం," అంది పైకే.

ఆ తర్వాత ఆగలేదు. తనకి తాను ప్రశ్నలు వేసుకోవాల్సిన పని కూడా లేకపోయింది, పది నెలలుగా అవన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆరేళ్ల ఉద్యోగం గురించి ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడ తప్పులు దొర్లుతాయో, వాటిని తానెలా పట్టుకునేదో చెప్పింది. మధ్యమధ్యలో ఆగి, విన్నట్టు తలూపి, ఒకసారి నవ్వింది కూడా. తెరమీద కనబడుతున్నది తన మొహమే. అంత బాగా ఆమె ఏ ఇంటర్వ్యూలోనూ మాట్లాడలేదు. 'థాంక్యూ మేడం' అని లాప్‌టాప్ మూసేసింది.

తలుపు తీస్తే సందు సందంతా గుమ్మం ముందే ఉంది.

"అబ్బ, ఏం మాట్లాడిందమ్మా! గడగడా చదివేసినట్టు!" అంది నాగమల్లేశ్వరి. నీళ్లు పోయిన సంగతే మర్చిపోయింది.

"మేడం ఎలాంటిదే?" అని సంపూర్ణమ్మ అడిగింది.

"చాలా మంచావిడమ్మా," అంది హన్నా. లోపలికెళ్లి, నీళ్లులేని స్నానాల గదిలో తలుపేసుకుని కూర్చుని ఏడ్చింది.

ఆ ఒక్క అబద్ధంతో పోతుందనుకుంది. పోనిస్తేగా! ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ సంపూర్ణమ్మ లేచి నిలబడింది. "నా బిడ్డ గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. ఆ ఉద్యోగం వచ్చేసిందని నమ్మి, ముందుగానే దేవునికి స్తోత్రం చెల్లించుకుంటున్నాను," అంది. ఇంకా రాని మేలుకి ముందే సాక్ష్యం చెప్పడం వాళ్లకి గొప్ప విశ్వాసం కింద లెక్క. చర్చంతా ఆమేన్ అంది. హన్నా తలొంచుకుంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు.

ఆ సాయంత్రమే నాగమల్లేశ్వరి గిన్నెలో చేపల పులుసు పట్టుకుని, వెనక సింధూరిని వెంటబెట్టుకుని వచ్చింది. సింధూరి డిగ్రీ అయి రెండేళ్లయింది. ఇప్పుడు తల్లి పక్కన కూర్చుని చేపలు కోస్తోంది.

"అమ్మా హన్నా, ఆ మేడం అంత మంచిదంటున్నావు. మా పిల్ల గురించి కూడా ఒక్క మాట చెప్పవా? దీని బతుకు కూడా నాలాగా ఈ టబ్బుల్లోనే పోతుందేమోనని భయంగా ఉందే."

కాదనాలంటే ఎందుకో చెప్పాలి. పులుసు గిన్నె ఇంకా వేడిగా ఉంది.

"అడుగుతానత్తా," అంది హన్నా.

నిజంగానే అడిగింది. సింధూరి వివరాలన్నీ రాసి రోష్నికి పంపించింది. తన సంగతేమైందని కూడా అడగలేదు, ఈ పిల్లతో ఒక్కసారి మాట్లాడితే చాలని బతిమాలుకుంది. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంతే. మర్నాడూ అంతే. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

బుధవారం సింధూరి దారిలో ఆపింది. "అక్కా, ఏమన్నారు మేడం?"

ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ లేదని చెప్పడానికి హన్నాకి నోరు రాలేదు. "సోమవారం చేస్తారంట. నీ నంబరుకే," అంది. "ఎన్నింటికక్కా?" అని అడిగితే, "పదకొండింటికి" అనే మాట దానంతటదే వచ్చేసింది. సింధూరి రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది. లేదని చెప్పడం కన్నా ఒక రోజూ ఒక గంటా చెప్పేయడం ఎంత తేలికో హన్నాకి అప్పుడే తెలిసింది. రోష్నికి కూడా ఇంత తేలిగ్గానే ఉండి ఉంటుంది. ఆమె మీద ఇన్నాళ్లూ దాచుకున్న కోపమంతా తనమీదికే తిరిగింది. నిజం చెప్పేద్దామని గురువారం అనుకుంది, శనివారం అనుకుంది, ఆదివారం ఎదురింటి గడప దాకా వెళ్లింది కూడా. లోపల సింధూరి అద్దం ముందు నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అని అలవాటు చేసుకుంటోంది. వెనక్కొచ్చేసింది.

సోమవారం పావుతక్కువ పదకొండుకి నీళ్లొచ్చాయి. ఒక్క మోటారు కూడా మొదలవలేదు. ఈసారి గుమ్మాలెక్కింది నాగమల్లేశ్వరి. అందరికన్నా ముందు సంపూర్ణమ్మే తమ మోటారు తీగ పీకేసింది.

"నీకోసం వాళ్లెంత చేశారే," అంది హన్నాతో.

హన్నా కిటికీ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. ఎదురింట్లో సింధూరి ఇస్త్రీ డ్రెస్సు వేసుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. సందులో ఎక్కడా అలికిడి లేదు. కుళాయిల నుంచి బొట్టు బొట్టుగా బకెట్లలో పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పదకొండు దాటింది, పదకొండున్నర దాటింది. హన్నా రెండు చెవులూ మూసుకుంది.

పన్నెండింటికి తలుపు కొట్టిన చప్పుడైంది. సింధూరి. మొహం చిన్నబోయినా, నవ్వడానికి ప్రయత్నిస్తోంది.

"రాలేదక్కా. ఏదైనా మీటింగ్‌లో ఇరుక్కుపోయుంటారు కదా?"

"అయ్యుంటుంది," అంది హన్నా.

"మళ్లీ ఎప్పుడు చేస్తారంటావు?"

ఎదురింటి గుమ్మంలో నాగమల్లేశ్వరి చెవి ఇటే పెట్టి నిలబడి ఉంది.

"గురువారం," అంది హన్నా. "పదకొండింటికి."