ఈశ్వరమ్మ రాయించిన ఉత్తరం

రాయదుర్గంలో ఈశ్వరమ్మ మేడమీది గదిలో అనుపమ మూడేళ్లు బాడుగకుంది. అప్పుడు ఊళ్లో ఒక ఆస్పత్రిలో నర్సు. ఇప్పుడు ఐర్లాండులో, డబ్లిన్ నగరంలో అదే పని చేస్తోంది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసేసరికి ఈశ్వరమ్మ గడపలో కూర్చుని సెనక్కాయలు వలుస్తోంది.

"పెద్దమ్మా, ఈడ ఇల్లు దొరకల్యా. ఆస్పత్రోళ్లు ఇచ్చిన గది నెలాఖరుకు ఖాళీ చేయాల. యాడికి పోయినా నా ముందర నలభై మంది వరసలో ఉండారు."

"ఒక్క గదికా? ట్యాంకరు కాడ బిందెల మాదిరి!"

"అంతే. మేరీ అని ఒక ముసలామె ఇంట్లో మేడమీద గది ఉండాది. పాత ఓనరు కాడినుంచి ఉత్తరం తెమ్మంటాండాది. నువ్వు రాసియ్యాల."

తన మాట అంత దూరం చెల్లుతుందని ఈశ్వరమ్మ ఎన్నడూ అనుకోలేదు. మర్నాడు పొద్దున్నే తలకు నూనె రాసి దువ్వుకుని, జెరాక్స్ అంగడి లక్ష్మన్న ముందు కూర్చుంది. ఆమె చెప్పేది అతను ఇంగ్లీషులోకి మార్చి కొట్టాలి.

"మంచి పిల్ల అని రాయి. నాకు జరమొస్తే మూడు దినాలు నా మంచం కాడినుంచి లేయల్యా. ఒకతూరి మోటారు ఆపడం మరిచి ట్యాంకు నీళ్లన్నీ వీధిపాలు చేసింది. అదీ రాయి."

లక్ష్మన్న వేళ్లు ఆగిపోయాయి. "అదేంటికి పెద్దమ్మా? వచ్చే గది రాకుండా పోతాది."

"మూడేండ్లలో ఒక్క తప్పూ చేయల్యా అంటే నేనే నమ్మను, ఆమె నమ్ముతాదా? రాయప్పా. నేను తిట్టినాను, అది ఏడ్చింది. మర్నాడు బోరింగు కాడినుంచి పది బిందెలు మోసి తొట్టి నింపింది. అదీ రాయి."

ఉత్తరం పోయింది. రెండు రోజులు అనుపమ దగ్గర నుంచి పలుకు లేదు. నోరు కట్టేసుకుని ఉండాల్సింది, పిల్ల గది చెడగొట్టానే అని ఈశ్వరమ్మకు ముద్ద దిగలేదు.

మూడో రోజు వీడియో కాల్ వచ్చింది. అనుపమ పక్కన ముగ్గుబుట్టలాంటి తలతో ఒక ముసలామె.

"పెద్దమ్మా, ఈమే మేరీ! మిగతావాళ్ల ఉత్తరాలన్నీ ఒకే మాదిరి ఉండాయంట. నీదొక్కటే వాళ్ల చెల్లెలికి గూడా చదివి వినిపించిందంట. గది నాకే!"

ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "ఉండు, నేనూ అడగాల గదా. తలుపుకు లోపల గొళ్లెం ఉండాదా? పోపు ఘాటుకు గొణుగుతాదేమో కనుక్కో."

అనుపమ ఇంగ్లీషులో అడగ్గానే మేరీ ఫోన్ పట్టుకుని పైకెక్కి, గొళ్లెం రెండుసార్లు వేసి తీసి చూపించింది. పోపు గురించి కాసేపు ఆలోచించి, వంటింటి కిటికీ తెరుచుకోమంది.

"సరే అయితే, చేరిపో," అని ఈశ్వరమ్మ సెలవిచ్చింది.

ఫోన్ పెట్టేశాక ఆమె మేడెక్కింది. అనుపమ పోయినప్పటినుంచి ఆ గదిని ఎవరికీ ఇవ్వలేదు. జీన్స్ కుట్టే సుంకమ్మ మొన్న అడిగితే కూడా ఖాళీ లేదు పొమ్మంది. కిటికీలు బార్లా తెరిచి గది చిమ్మింది. పిట్టగోడ మీంచి వంగి, వీధిలో పోతున్న సుంకమ్మను కేకేసింది.

"ఏమ్మే, గది చూస్తువుగానీ రా!"