గోడౌను మీది మల్లెతోట

మా ఆయనకు ఒక అలవాటుంది. గిట్టని వస్తువును దాని పేరుతో పిలవరు. మిద్దె మీద నేను పెంచుకునే తోటను ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా తోట అనలేదు. "ఆ కుండీల గోల" అంటారు. పెనుగొండ బజారులో హోల్‌సేల్ కిరాణా గున్నేశ్వరరావుగారంటే అందరికీ తెలుసు. ఆయన భార్య నాగరత్నం అంటే మాత్రం, "మల్లెపూల నాగరత్నంగారా?" అని అడుగుతారు. అది ఆయనకు కాస్త గుచ్చుకుంటుందని నా అనుమానం.

మాకు ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక గోడౌను. గోడౌను ఉన్న చోట ఒకప్పుడు పెరడు ఉండేది. కట్టడం మొదలుపెట్టినప్పుడు మా అత్తగారు నాటిన మల్లెపాదు పీకేస్తుంటే, కొమ్మలు తెచ్చి కుండీల్లో గుచ్చి, స్లాబు పడ్డాక పైకి చేర్చాను. ఇప్పుడక్కడ బొండుమల్లెలు, విరజాజులు, కనకాంబరాలు, మరువం, దవనం అన్నీ ఉన్నాయి. వైశాఖంలో వచ్చే వాసవీ జయంతి నాడు గుళ్ళో అమ్మవారికి మా ఇంట పూసిన పూలతోనే దండ కట్టి ఇవ్వడం మా అత్తగారి పద్ధతి. అందులో కొన్న పువ్వు ఒక్కటి కలిసినా ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఆవిడ పోయాక ఆ పట్టుదల నాకు అంటుకుంది.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళగానే గోడౌను మూల కప్పుకు చెమ్మ దిగి, కింద పేర్చిన ఎండుమిర్చి బస్తాలకు బూజు పట్టింది. ఆయన ఒక మిరపకాయ చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"చూడు రత్నం. నీ కుండీల గోల నా సరుకు మీదకి వచ్చింది. జయంతి అవ్వగానే మేస్త్రీ ఏసురాజుని పిలిచి అన్నీ దింపించేసి, పైన టైల్స్ వేయించేస్తాను."

"నా నీళ్ళే దిగాయని మీకెవరు చెప్పారండి?"

"నీవి కాక, పైన వరి చేలు ఉన్నాయేంటి?"

నాకు ఒళ్ళు మండింది. కానీ అందులో నిజం లేకపోలేదు. నేను గొట్టం పట్టుకున్నానంటే మడికి నీళ్ళు పెట్టినట్టే పెట్టేదాన్ని. కాలవల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు నీళ్ళు పెట్టడమంటే పారించడమే. కుండీ నిండి, పొర్లి, స్లాబంతా చెరువైతే గానీ మొక్క తాగిందన్న తృప్తి ఉండదు. నేను తగ్గి అడిగాను.

"జయంతి దాకా స్లాబు మీద నీళ్ళు పారకుండా చూసుకుంటాను. మరక మళ్ళీ కనబడకపోతే మొక్కల జోలికి రారు కదా?"

"కనబడితే?"

"నేనే దగ్గరుండి దింపిస్తాను."

అమ్మవారి పటం ముందు ఇద్దరం ఆ మాట అనుకున్నాం. అనేశాను గానీ, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. నీళ్ళు తగ్గిస్తే ఎండల్లో మల్లె మొగ్గ తొడగదు, తొడగకపోతే దండ లేదు. తగ్గించకపోతే తోటే లేదు.

మా అమ్మాయి సాయిప్రసన్న డిగ్రీ చదువుతోంది. దానికి అన్నిటికీ ఫోనులోనే మందు దొరుకుతుంది. మంచులా నీళ్ళు చిమ్మే కిట్ ఒకటి తెప్పించింది. బిగించి తిప్పితే చూడముచ్చటగానే ఉంది. అయితే పైరగాలి లేచిందంటే సగం మంచు మా మొక్కల మీద పడకుండా పక్క మిద్దెకు పోయేది. అక్కడ రిటైర్డ్ టీచరు మాణిక్యాంబగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టుకున్నారు. ఆవిడ గోడ దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగారు.

"నాగరత్నంగారండి, వడియాలు ఎండాలండి. మీరు వాటిని కూడా పెంచుతున్నారేంటండి?"

మర్నాడే ఆ కిట్ అటకెక్కింది. తడిసిన వడియాలకు బదులు నేను మళ్ళీ పెట్టి ఇచ్చుకున్నాను.

అప్పుడు మా పిన్ని కూతురు శ్రీదివ్య గుర్తొచ్చింది. దాన్ని జంగారెడ్డిగూడెం ఇచ్చారు. వాళ్ళకు పామాయిల్ తోట ఉంది. బస్సు ఎక్కుతానంటే మా ఆయన కొట్టులో నలుగురి ముందు నవ్వారు.

"కాలవ నీళ్ళలో పుట్టినదానివి, నీళ్ళు పెట్టడం నేర్చుకోడానికి మెట్టకి పోతావా?"

"పోతానండి. బియ్యం మాత్రం నానబెట్టి పోను. మీ అన్నం మీరే వండుకోండి," అన్నాను. బేరానికి వచ్చినవాళ్ళు ఈసారి ఆయన్ని చూసి నవ్వారు.

శ్రీదివ్య తోటలో నేల దుమ్ము రేగుతోంది. చెట్టు మొదట్లో మాత్రం నల్లగా తడి. నల్ల పైపు ఒకటి వరస పొడుగునా పాములా పడుకుని ఉంది. దాని నుంచి చెట్టు దగ్గర బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. అంత పెద్ద చెట్టుకు ఈ బొట్లేం సరిపోతాయని నేను మూతి విరిచాను.

"సరిపోతాయక్కా. మెల్లగా, చాలాసేపు పడతాయి, అందుకని లోపలికి దిగుతాయి. మీరు పోసే నీళ్ళలో మొక్క తాగేదెంత, కింద నుంచి కారిపోయేదెంత? మాకిక్కడ బోరు ఎంత లోతుకు వెళ్ళాలో నీకు తెలీదు. ఒక్క చుక్క పోయినా మాకు ప్రాణం పోయినట్టుంటుంది," అంది.

ఊళ్ళో డ్రిప్ సామాన్లు అమ్మే కొట్టుకు తీసుకెళ్ళింది. కొట్టతను మహా ఉత్సాహంగా, తనంతట తానే తెరుచుకుని మూసుకునే టైమర్, దానికో చిన్న మోటారు, బొట్టు బొట్టుగా నీళ్ళు వదిలే ఖరీదైన డ్రిప్పర్లు బల్ల మీద పేర్చాడు. నేనూ వ్యాపారస్తుల ఇంటి కోడలినే. బల్ల మీద పేర్చిన ప్రతిదీ మనకు కావలసినదే అయివుండదని నాకు తెలుసు.

"బాబూ, మా ట్యాంకు స్లాబు మీద మనిషి ఎత్తులో ఉంటుంది, అంతే. ఆ తోపుడుకి ఇవి పని చేస్తాయా?"

అతను నిజాయితీగానే చెప్పాడు. "అంత తక్కువ ఒత్తిడికి ఇవి సరిగా తెరుచుకోవండి. మామూలు రకం, చేత్తో తిప్పుకునేవి తీసుకోండి."

ఒక ఫిల్టరు, నల్ల పైపు, సన్న గొట్టాలు, తిప్పుకునే డ్రిప్పర్లు, ఒక వాల్వు, ఇంతే తెచ్చుకున్నాను. నేనూ ప్రసన్నా కూర్చుని బిగించాం. పైపు మొన బిగుసుకుపోయి ఎక్కకపోతే, వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచాను. చివరి కుండీలకు నీళ్ళు సరిగా అందడం లేదని, ట్యాంకు నుంచి ఒకటే పొడుగు పైపు కాకుండా రెండు వైపులా రెండు వేశాం. పెద్ద కుండీకి రెండు డ్రిప్పర్లు, చిన్నదానికి ఒకటి. ఎండ తగలకుండా మట్టి మీద కొబ్బరి పీచు పరిచాం.

ఇంత చేసి, చివరికి నేను నా పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. గొట్టంతో పోయడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపే వాల్వు తిప్పి ఆపేసేదాన్ని. వారం తిరక్కుండా మల్లెలు తల వాల్చేశాయి. మా ఆయన పైకి వచ్చి చూశారు. ఈల వేసుకుంటూ దిగిపోయారు. ఆ ఈల వింటే నాకు ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకుని, గరిటె కాడతో కుండీలో గుచ్చి చూశాను. పైన తడి, రెండు వేళ్ళ కింద పొడి మట్టి. మెల్లగా, చాలాసేపు అని శ్రీదివ్య చెప్పిన మాట అప్పుడు తలకెక్కింది. ఆ మర్నాటి నుంచి కుక్కర్ ఎక్కించేటప్పుడు వాల్వు తిప్పి, కూర దించి పోపు పెట్టాక ఆపడం మొదలుపెట్టాను. అప్పటికి కుండీ అడుగున చిల్లు దగ్గర కాస్త చెమర్చేది, కారేది కాదు. కాఫీ ఫిల్టరు కడిగిన చేత్తోనే పైపు ఫిల్టరు కూడా కడిగేదాన్ని. మొక్కలు తేరుకున్నాయి. చైత్రం వెళ్ళేసరికి ఆకు కనబడకుండా మొగ్గ తొడిగాయి. అంత మొగ్గ నేను గొట్టంతో పోసిన రోజుల్లో ఎన్నడూ చూడలేదు.

జయంతి ఇంకో నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం గోడౌనులోంచి కేక వినబడింది.

"రత్నం, ఇలా రా."

కప్పుకు మరక. అదే మూల, అరచేయంత, పచ్చిగా. ఆయన ముఖంలో గెలిచిన సంతోషం కూడా లేదు పాపం. "మాటంటే మాటే కదా" అని, ఏసురాజుకి ఫోను చేశారు. మేస్త్రీ ఏసురాజు పక్క వీధిలోనే పనిలో ఉన్నాడేమో, వెంటనే వచ్చేశాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మిద్దె మీదకు పరుగెత్తాను. స్లాబు పెనంలా ఉంది. కుండీల మధ్య, పైపుల కింద, గోడ వార, ఎక్కడ అడుగు పెట్టినా అరికాలు చుర్రుమంది. గెంతుకుంటూ ట్యాంకు వెనక మూలకు చేరాను. కాలు చల్లగా తగిలింది. అక్కడ నా కుండీ ఒక్కటి కూడా లేదు. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. నిమ్మళంగా గొంతు సవరించుకుని మెట్ల మీదకు వచ్చాను.

"ఏవండీ, ఒకసారి పైకి రండి. ఏసురాజూ, నువ్వు కూడా రావయ్యా. ఏవండీ, మీరు చెప్పులు కింద వదిలేసి రండి."

"ఈ ఎండలో చెప్పుల్లేకుండానా?"

"నా తోట పోతోందండి. ఈ ఒక్క ముచ్చట తీర్చండి."

వచ్చారు. మొదటి అడుగుకే "అబ్బా" అన్నారు. నేను మల్లెల వైపు నడిపించాను, కనకాంబరాల వైపు నడిపించాను. కొట్టులో గద్దె దిగని మనిషి, పంచె ఎగ్గట్టి కొంగలా ఒక్కో కాలు ఎత్తి ఎత్తి వేస్తున్నారు. ఏసురాజు నవ్వాపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి ట్యాంకు వెనక్కి చేరి, ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని నిలబడ్డారు.

"ఇక్కడ బాగుంది," అన్నారు.

"ఎందుకు బాగుందండి?" అని అడిగాను.

ఆయన కిందకు చూశారు. కాళ్ళ కింద తడి, ఆకుపచ్చ పాచి. తల ఎత్తి చూశారు. పైన ట్యాంకు పొంగు గొట్టం. రోజూ పొద్దున్నే మోటారు వేయడం ఆయన పని. ట్యాంకు పొంగి నీళ్ళు దబదబా పడే చప్పుడు వినబడితే గానీ ఆపరు. పొంగితేనే ఇల్లు నిండుగా ఉన్నట్టట. ఆ చప్పుడు వినబడే వేళకు బేరం ముదిరిందంటే, బేరం తెగేదాకా ఆ నీళ్ళు అలా పడుతూనే ఉంటాయి. జయంతి దగ్గరపడేకొద్దీ కొట్టులో బేరాలు కూడా ఎక్కువయ్యాయి.

ఏసురాజు వంగి గోడ మొదట్లో వేలు పెట్టి చూశాడు. "పగులు ఇక్కడుందండి. సరిగ్గా దీని కిందే కదండి మరక. అమ్మగారి కుండీలు అటు ఉన్నాయండి. అటంతా ఎండిపోయుందండి."

గొట్టంతో చెరువు చేసిన రోజుల్లో ఏది ఎవరి తడో తేలేది కాదు. నా నీళ్ళు చుక్కల్లోకి వచ్చాకే ఆయన నీళ్ళు బయటపడ్డాయి. ఆ మాట పైకే అన్నాను. ఎందుకు దాచుకోవాలి? మా ఆయన ఆ చల్లటి చోటు వదిలి కదల్లేదు.

"ఇంతకీ నన్నేం చేయమంటారండి, కుండీలు దింపనా?" అని ఏసురాజు అమాయకంగా అడిగాడు.

"పగులు పూడ్చు," అన్నారు ఆయన.

పగులు పూడ్చాక, పొంగు గొట్టం కింద నేనొక నీలం డ్రమ్ము ఎత్తు మీద పెట్టించి, దాన్ని కనకాంబరాల పైపుకు కలిపించాను. ఇప్పుడు ఆయన మోటారు మరిచిపోయినా ఆ నీళ్ళు నాకే.

జయంతి రోజు పొద్దున్న నేనూ ప్రసన్నా బుట్టల కొద్దీ మొగ్గలు కోశాం. మల్లెల మధ్య కనకాంబరాలు, మరువం పెట్టి కట్టిన దండ, ప్రసన్న మోయలేక వాళ్ళ నాన్న చేతికిచ్చింది. మాణిక్యాంబగారు కూడా మాతో గుడికి వచ్చారు. అర్చకులు దండ అందుకుని, బరువుకు చేతులు దించి, మళ్ళీ ఎత్తారు.

"ఎక్కడివండి ఈ పూలు? బజారులో ఇంత మొగ్గ రావట్లేదు."

నేను నోరు తెరిచేలోపే మా ఆయన జవాబిచ్చారు. "మా తోటవండి."

ఇన్నేళ్ళ నా తోట ఒక్క మాటతో మా తోట అయిపోయింది. అలాంటి మాటకు నాకు ఒళ్ళు మండాలి. మండలేదు సరికదా, కళ్ళు నిండి అమ్మవారి ముఖం సరిగా కనబడలేదు. మాణిక్యాంబగారు నా మోచేయి గిల్లి, "వినబడిందాండి?" అన్నారు. వినబడింది.

మర్నాడు వంటింట్లో బియ్యం కడుగుతుంటే మిద్దె మీద నుంచి గొంతు వచ్చింది.

"రత్నం, కుక్కర్ ఎక్కించావా? తోటకి నీళ్ళు వదిలేయనా?"

"ఆగండి," అన్నాను. "ఇంకా స్టవ్ వెలిగించలేదు."

ఆయన వాల్వు మీద చెయ్యి వేసుకుని అక్కడే ఆగారు.