మీట నొక్కిన మనిషి చిరునామా

చాలా ఏళ్లుగా నన్నొక సందేహం వదలడం లేదు. పిలిచినా దేవుడు పలకలేదంటే, మన పిలుపు ఆయన దాకా చేరలేదనా, చేరినా అది తన పని కాదనుకున్నాడనా? పొద్దున కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు కూడా ఇదే గోల. "దండం పెడుతున్నారా, దావా వేస్తున్నారా?" అంటుంది మా ఆవిడ. అడగడం పాపం కాదనే నా నమ్మకం.

నా ఉద్యోగమూ పిలుపులకు పలకడమే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల మెడలో మా సంస్థ ఒక మీట వేలాడదీస్తుంది. కాలు జారినా, ఊపిరాడకపోయినా దాన్ని నొక్కితే మా గదిలో గంట మోగుతుంది, ఆ మీటలోంచే ఇటూ అటూ మాట వినబడుతుంది. నా తెర మీద మీట నంబరు, దాని పక్కన పేరు, ఇల్లు, ఉన్న జబ్బు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో అన్నీ కనబడతాయి. నేను అంబులెన్సు పంపిస్తాను.

ఆ మధ్యాహ్నం గంట మోగింది. నంబరు వచ్చింది. దాని పక్కన ఏమీ లేదు.

"అమ్మా? అయ్యా? వినబడుతోందా?"

మాట రాలేదు. ఊపిరి ఒక్కటే వినిపించింది, రంపంతో కోస్తున్నట్టు, మధ్యమధ్య ఆగుతూ.

"బావా!" అని అరిచాను.

బావంటే మా అక్క మొగుడు. ఇక్కడ కంప్యూటర్ల బాగోగులన్నీ ఆయనవే. వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చి తెర చూశాడు. కీబోర్డు మీద ఏదో కొట్టి చూశాడు.

"పేర్లూ అడ్రసులూ అన్నీ ఉన్న డేటాబేసు పడిపోయిందిరా. లేపుతుంటే మళ్లీ పడిపోతోంది."

"ఫోన్ కంపెనీ వాళ్లనడిగితే?"

"మీటల్లో ఉన్న సిమ్ములన్నీ మన ఆఫీసు పేరు మీదే తీసుకున్నాం. అడిగితే మన అడ్రసు మనకే చెప్తారు."

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. క్లౌడ్ అంటే ఎవరిదో పెద్ద కంప్యూటరు అద్దెకు తీసుకోవడం. అందులో నడిచే డేటాబేసు సాఫ్ట్‌వేరు ఇంకో కంపెనీది. దాని లైసెన్సును కూడా అద్దెలోనే కలిపి తీసుకోవచ్చు. అప్పుడు ఏది చెడినా క్లౌడ్ వాళ్లే చూస్తారు. లేదంటే మనం ఎప్పుడో కొన్న లైసెన్సునే తీసుకెళ్లి అక్కడ పెట్టుకోవచ్చు. అద్దె తగ్గుతుంది గానీ, సాఫ్ట్‌వేరు చెడితే తయారుచేసినవాళ్లనే పట్టుకోవాలి. మా సంస్థ యజమాని, మేమంతా పెద్దాయన అంటాం, "సొంతది ఉండగా మళ్లీ అద్దెకెందుకయ్యా?" అని రెండోదే ఖాయం చేశాడు. వినడానికి బాగానే ఉండింది.

బావ క్లౌడ్ వాళ్లకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"మా కంప్యూటరు బానే ఉంది సార్, డిస్కూ బానే ఉంది. లోపం సాఫ్ట్‌వేరులో. దాన్ని సరిచేసే ప్యాచ్ కూడా వచ్చింది. కానీ లైసెన్సు మీది కదండీ, ఆ ప్యాచ్ మీరే తెచ్చుకోవాలి," అన్నాడు అవతలి ఇంజనీరు.

వెంటనే బావ ఇంకో ఫోన్లో సాఫ్ట్‌వేరు కంపెనీని పట్టుకున్నాడు. ఒకమ్మాయి పలికింది.

"మీకు సపోర్టు ఉందండీ. ఏటా మానకుండా కడుతున్నారు. కాకపోతే అది మీ ఆఫీసులోని మెషీన్ మీద ఉంది. క్లౌడ్‌కి మారినట్టు మాకు చెప్పలేదే?"

"ఆ మెషీన్ని పాత ఇనుప సామాన్లకి అమ్మేశాం తల్లీ!"

"సపోర్టు దానికేనండీ. దీనికి కావాలంటే కొత్త ఒప్పందం రాసుకోవాలి. రేపు మా వాళ్లు మాట్లాడతారు."

బావ తల పట్టుకున్నాడు. "పోయినదానికి ఏటా మందులు కొంటున్నాంరా మనం!"

నా చెవిలో ఊపిరి సన్నబడుతోంది. "వినబడితే మీట మీద గోటితో కొట్టండి," అన్నాను.

టక్.

"మేడ మీద ఉంటారా?"

టక్.

"తలుపు వేసి ఉందా?"

టక్.

వీధి పేరు గోటితో ఎలా చెప్పిస్తాను? ఆడో మగో కూడా తెలియని మనిషికి "నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను" అని చెబుతూనే ఉన్నాను. దేవుడా అనబోయి ఆగాను. ఆయన కూడా ఇది మా శాఖ కాదంటాడేమోనని భయం వేసింది. మరుక్షణమే ఆ భయానికి సిగ్గుపడి, దేవుడా అన్నాను.

బావ మళ్లీ క్లౌడ్ వాళ్ల ఫోను అందుకున్నాడు. "ఇప్పుడు లైసెన్సు అద్దెలో కలిపేస్తే?"

"అప్పుడు ప్యాచ్ మేమే వేస్తాం సార్. మీ తెరలోంచే మార్చుకోవచ్చు. కానీ అద్దె బాగా పెరుగుతుంది. మారేటప్పుడు డేటాబేసు కాసేపు ఆగుతుంది కూడా."

"ఆగడానికి అది నడుస్తోందా నాయనా?"

పెద్దాయనకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. బావ మౌసు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"అడక్కుండా నొక్కితే ఉద్యోగం ఊడుతుందిరా. ఆపైన మీ అక్క నన్ను బతకనివ్వదు."

"వింటున్నారా?" అన్నాను నేను మీటలోకి. టక్ రాలేదు. మళ్లీ అడిగాను. రాలేదు.

"నొక్కు బావా!"

నొక్కాడు.

తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంది. అవతల ఊపిరి ఉందో, నా గుండె చప్పుడే వింటున్నానో తెలియలేదు. "ప్యాచ్ పడుతోంది సార్, లైన్లోనే ఉండండి," అంటున్నాడు ఇంజనీరు. ఆయన గొంతులోనూ ఇప్పుడు తొందర ఉంది. బావ గోళ్లు కొరుకుతున్నాడు. నేను పిలుస్తూనే ఉన్నాను.

నంబరు పక్కన ఖాళీ నిండింది. రిటైరైన నర్సమ్మ. మేడ మీది వాటా. ఉబ్బసం. తాళంచెవి కింద దర్జీ దగ్గర.

అంబులెన్సును పంపించి, దర్జీకి ఫోన్ చేశాను. కాసేపటికి మీటలోంచే మెట్ల మీద పరుగు వినబడింది, తాళం తిరిగింది, "అమ్మా, అమ్మా!" అని అతని కేక. ఏదో డబ్బా కింద పడింది. "ఇదేనా? నోట్లో పెట్టుకోండి, పీల్చండి!" అంబులెన్సు వాళ్లు వచ్చాక బొంగురు గొంతొకటి పలికింది.

"ఆ అరిచే అబ్బాయెవరు? చెవులు చిల్లులు పడ్డాయి."

నేను బల్ల మీద తల ఆనించేశాను.

అప్పుడు పెద్దాయన ఫోన్ వచ్చింది. "అద్దె పెరిగిందని మెసేజొచ్చింది, ఎవర్నడిగి మార్చారయ్యా లైసెన్సు? ఎవరి పూచీ మీద?"

బావ ఫోన్ను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

నా చదువు అంతంతమాత్రం. నేనిక్కడికి పనికోసం వచ్చిన రోజున ఇదే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "వీడికి పూచీ ఎవరు?" అన్నాడు. అప్పటికి మా అక్కతో బావకు కొత్తగా పెళ్లయింది, నా గురించి ఆయనకేం తెలుసని? అయినా బావ వెనకాముందూ చూడకుండా "నేను" అన్నాడు. ఆ ఒక్క మాట ఆయనకు తిరిగి ఇచ్చే సందు నాకు ఇన్నేళ్లలో దొరకలేదు.

ఫోన్ అందుకున్నాను.

"నా పూచీ సార్. నొక్కమన్నది నేనే. ఏదున్నా నన్నడగండి."

బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "చెల్లుకు చెల్లురా," అన్నాడు మెల్లగా.