ట్యాంకరు పిన్ను

ఆ రోజు ఇశ్రాయేలు పిన్ను తీశాడా, లేదా? పన్నెండేళ్ళుగా మాల్యాద్రిని ఈ అనుమానం వదల్లేదు. సోమవారం త్రిపురాంతకం కొండెక్కి స్వామికి దండం పెట్టుకునేటప్పుడు కూడా అదే మనసులో మెదిలేది. చూడకుండానే మనిషి మీద తప్పు మోపానా అని.

అప్పట్లో మాల్యాద్రి ట్రాక్టరుతో ఇద్దరూ కలిసి ఊళ్ళకు నీళ్ళ ట్యాంకరు తోలేవారు. ట్రాక్టరు ఆగబోతే ట్యాంకరు ముందుకు నెట్టుకొస్తుంది. ఆ నెట్టుడుకే దాని బ్రేకులు పడతాయి. రివర్సులోనూ అదే నెట్టుడు తగిలి చక్రాలు బిగుసుకుంటాయి. అందుకే వెనక్కి పోయేముందు బ్రేకు పడకుండా, ట్యాంకరు తగిలించే కొక్కెం దగ్గర బెజ్జంలో ఇనప పిన్ను అడ్డం పెట్టాలి. పని కాగానే తీయాలి. మరిచిపోతే రోడ్డు మీద ట్యాంకరుకు బ్రేకులుండవు. ఆ పిన్ను పెట్టడం, తీసి సీటు కింది పెట్టెలో వేయడం ఇశ్రాయేలు పని.

ఒకనాడు రోడ్డు దిగుడులో ట్యాంకరు ఆగక ఎవరిదో ప్రహరీ పడగొట్టింది. పెట్టెలో చూస్తే పిన్ను లేదు. బెజ్జంలోనే ఉండిపోయి, గుద్దిన అదురుకు ఎటో ఎగిరిపోయిందనుకున్నాడు మాల్యాద్రి. తీశానని ఇశ్రాయేలు ఎంత చెప్పినా నమ్మలేదు. నలుగురిలో అబద్ధాలకోరన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు. నాలుగు రోజుల్లో ఇశ్రాయేలు కూతురు రోజీ పెళ్ళి. దానికి ఒక ట్యాంకరు నీళ్ళు తోలుతానని మాల్యాద్రి మాటిచ్చి ఉన్నాడు. తోలలేదు.

తరువాత మరొకరిని పెట్టుకోలేదు. కొత్త పిన్ను చేయించి, కొక్కేనికే గొలుసుతో కట్టుకుని తనే దిగేవాడు, తనే ఎక్కేవాడు. పొద్దంతా ఇంజను మోతే. ఏదో చెప్పబోయి, ఇశ్రాయేలు కూర్చునే మడ్గార్డు వైపు తిరిగితే అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. మార్కాపురంలో వైరింగు పనిచేసే శ్రీకాంత్ ఉపాయం చెప్పాడు. రివర్సు లైటు కరెంటుతోనే బ్రేకు పడకుండా ఆపే పరికరం ఉంది, దిగే పని లేదు. ట్రాక్టరు సాకెట్టుకు ఏడు రంధ్రాలు, ట్యాంకరు ప్లగ్గుకు అయిదు పుల్లలు. మధ్యలో అడాప్టరు పెడితే సరిపోతుంది. వైరు లాగడానికి సీటు కింది పెట్టె విప్పాడు. పెట్టె వెనక సందులో, గ్రీజులో కూరుకుపోయి ఏదో ఉంది.

"ఇదేంది పెదనాయనా, పాత పిన్నా?"

మాల్యాద్రి దాన్ని పంచెతో తుడిచాడు. పెట్టె అడుగున తుప్పుకు పడ్డ చిల్లి కనిపించింది. మరి ఆ రోజు ట్యాంకరెందుకు ఆగలేదు? బ్రేకు లైనర్లు అరిగిపోయాయని అంతకు నెల ముందే ఇశ్రాయేలు చెప్పాడు. కోతలయ్యాక చూద్దామన్నది తనే.

మర్నాడు పెట్టె చిల్లికి రేకు వేయించి, నిండు ట్యాంకరుతో ఇశ్రాయేలు వాడకు పోయాడు. సందు ఇరుకు, వెనక్కే పోవాలి. కిందికి దిగి, పిన్నుతోనే పని పడేలా అడాప్టరు పీకేశాడు. గడపలో ఉన్న ఇశ్రాయేలుకు పాత పిన్ను అందించాడు.

"పెట్టె సందులో పడిపోయింది తమ్ముడూ. నువ్వు తీసినావు. చూడకుండా అన్నది నేను." చుట్టుపక్కల వాళ్ళకు వినబడేలా అన్నాడు.

ఇశ్రాయేలు పిన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. ట్యాంకరు దగ్గరికి నడిచాడు. వంగి, బెజ్జంలో పెట్టి, రమ్మన్నట్లు చెయ్యి ఊపాడు.

డ్రమ్ములు నిండుతుంటే అతని భార్య సామ్రాజ్యం బయటికొచ్చింది. "ఏంది, పెళ్ళి నీళ్ళు ఇప్పటికొచ్చినాయా అన్నా? మా రోజీకి ఇద్దరు పిల్లలు."

మాల్యాద్రి ఇంకో డ్రమ్ములోకి పైపు మార్చాడు. ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా పైపు తనే పట్టుకున్నాడు. ఇశ్రాయేలు పిన్ను తీసి, అతనికి చూపించి, పెట్టెలో వేశాడు.