తొట్టికి కన్నం

"పగిలిపోతే?" అన్నాను.

అప్పటికింకా ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. కన్నం వేసే మిషను పెట్టెలోనే ఉంది. చేపల్ని రెండు టబ్బుల్లోకి మార్చి, గాజు తొట్టిని తుడిచి, భోజనాల బల్ల మీద పాత బొంత పరిచి, వెనక అద్దం పైకొచ్చేలా బోర్లా పడుకోబెట్టామంతే. ఆపరేషనుకి సిద్ధం చేసిన మనిషిలా ఉంది.

"మొదలెట్టింది పోతేగారు," అన్నారు మా ఆయన, పేపరు వెనక నుంచి.

మా ఇంట్లో నా పేరది. పాలు పొంగిపోతే, బస్సు తప్పిపోతే, పిల్ల జారి పడిపోతే... నా మాటలన్నీ అక్కడికే చేరతాయని ఆయన పెట్టారు, అత్తయ్య ఖాయం చేశారు. పెళ్ళయిన కొత్తలో ఏడుపొచ్చేది. తర్వాత ఆ పేరుకే పలకడం అలవాటైంది.

"నాన్నా, అమ్మని ఏడిపించకు," అంది మా అమ్మాయి.

"నేనా? నేనసలు నోరే ఎత్తను. మీ తొట్టి, మీ కన్నం. పగిలితే మాత్రం నా దగ్గరికొచ్చి ఏడవొద్దు. ఇప్పట్నుంచి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు."

'మీ తొట్టి' అన్నారే! ఎవరైనా ఇంటికొస్తే అది "నా అక్వేరియం". "రోజంతా ఆఫీసులో బుర్ర వేడెక్కిపోతుందండీ, ఇంటికొచ్చి పది నిమిషాలు వీటిని చూస్తే చల్లబడుతుంది" అని చెప్పేవారు. బుర్ర ఆయనది, చల్లదనం ఆయనది, బకెట్లు నావి. ప్రతి ఆదివారం పొద్దున్నే గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చి, నీళ్ళు నోటిదాకా వచ్చేలోపు తీసి బకెట్లో పడేయాలి. ఎన్నిసార్లు ఆలస్యమైందో నా నాలుకకి తెలుసు. ఆ బకెట్లు మోసుకెళ్ళి బాత్రూంలో పారబోయాలి, బాల్కనీ డ్రమ్ములోంచి కొత్త నీళ్ళు మోసుకొచ్చి పోయాలి, దారంతా ఒలికిన నీళ్ళు తుడవాలి. ఒకసారి మణికట్టు వాచింది. "మా ఆవిడ చేతుల్లో పస లేదండీ" అని వచ్చినవాళ్ళకి నవ్వుతూ చెప్పారు. "చేపల్ని సాకడమంటే పిల్లల్ని సాకడమే, ఓర్పుండాలి" అన్నారు అత్తయ్య, సోఫాలో కాళ్ళు చాపుకుని. తొట్టికి పైన ఒక కన్నం వేయిస్తే, కొత్త నీళ్ళు పోస్తుంటే పాతవి వాటంతటవే పైపులోంచి పోతాయి కదా అని నేనడిగితే, "గాజుకి కన్నమా? సొరకాయ అనుకున్నావా తొలచడానికి?" అన్నారు మా ఆయన. ఆ మాటకి ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో పేరు పెడతారని.

మా అమ్మాయి నవ్వలేదు. ఇప్పుడది అద్దాల కొట్టులో పనిచేస్తోంది. ఆడపిల్లకి గాజు ముక్కల్లో పనేంటని ఆయన గొణిగారు గానీ, అది ఈ ఆదివారం ఆ కొట్టులోంచే మిషను అడిగి తెచ్చింది. దానికి గాజుని కోసే బిట్టు, గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా, అంచంతా వజ్రప్పొడి.

"షాకు కొడితే?" అన్నాను.

"బ్యాటరీదమ్మా."

అయినా రబ్బరు చెప్పులు వేసుకున్నాను. అత్తయ్య కాళ్ళు సోఫా మీద పెట్టించాను. "నన్నెందుకే కదుపుతావు?" అని విసుక్కున్నారు గానీ ఎత్తిన కాళ్ళు మళ్ళీ దించలేదు.

"అసలిది కన్నం పడే గాజేనా? కొన్ని అద్దాలు ముట్టుకుంటేనే పొడి పొడి అయిపోతాయటగా?"

అమ్మాయి నాకేసి అదోలా చూసింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, లాప్‌టాప్ తెర వెలిగించి, తొట్టి గాజులోంచి చూసింది. అలా పొడైపోయే టఫెన్ గాజైతే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుందట. మచ్చల్లేవు. "మామూలు గాజే. మంచి పని చేశావమ్మా, నేను మర్చేపోయాను." తర్వాత అది గీసిన గుర్తు చూసి "అంచుకి మరీ దగ్గరేమో?" అన్నాను. కొలిచింది. చెరిపేసి కిందికి గీసింది.

ముందు పాత కిటికీ అద్దం ముక్క మీద చేయి సాధకం చేసింది. అన్నిటికీ వాళ్ళ నాన్న తొందరే దానికీ. గట్టిగా నొక్కింది. టప్పుమని అడ్డంగా చీలింది. పేపరు వెనక నుంచి దగ్గొకటి వినిపించింది. మాట కాదు, ఒట్టు పోలేదు.

"నువ్వు పట్టుకోమ్మా," అంది.

"నేనా! నాకొద్దు తల్లీ!"

"పట్టుకో. బరువు వేయకు, మిషను బరువు చాలు. ఒకవైపు వంచి మొదలుపెట్టి, గాడి పడ్డాక నిలబెట్టు."

రెండో ముక్క మీద పెట్టాను. నొక్కే ధైర్యం నాకెక్కడిది? పగిలిపోతుందేమోనని చేయి దానంతటదే తేలిపోయింది. కాసేపటికి రూపాయి బిళ్ళలాంటి గాజు ముక్క ఊడి పడింది. అంచున చిన్న పెచ్చు కూడా లేవలేదు. అమ్మాయి దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "తొట్టికి నువ్వే వేస్తున్నావు" అంది. కాదనడానికి నోరు తెరిచాను. "సరే" అని వచ్చింది.

బిట్టు వేడెక్కకుండా కన్నం చుట్టూ నీళ్ళు నిలవాలి. దానికి కట్ట కట్టే మైనం మా పిల్ల కొట్టులోనే వదిలేసి వచ్చింది. నేను వంటింట్లోకెళ్ళి పిండి గట్టిగా కలిపి, తాడులా పేని, గుర్తు చుట్టూ అతికి, మధ్యలో నీళ్ళు పోశాను. చుక్క కారలేదు. "ఆ పిండి బాగా మర్దించిందిరా," అన్నారు అత్తయ్య కొడుకుతో. ఆవిడ నోట నన్ను మెచ్చుకునే మాట వినడం అదే మొదలు. అదీ పిండికే చెందింది, అయినా తీసుకున్నాను.

మిషను గుర్రుమంది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. కింద చేయి పెట్టి అమ్మాయి కాచుకుంది. పగిలిపోతే జీవితాంతం ప్రతి అతిథికీ ఈ కథ చెబుతారు, పైగా కొత్త తొట్టి వస్తుంది, మళ్ళీ అవే బకెట్లు, నాకు ఆదివారాలు ఇక రావు. అదంతా తెలుసు. కానీ విచిత్రం, మిషను నేను పెట్టిన చోటే నిలిచింది. ఇన్నేళ్ళ పోతేలన్నీ ఒక్కొక్కటే లెక్క చూసుకుని సర్దేశాను కదా, భయపడటానికి ఇంకేం మిగల్లేదు. మిషను చప్పుడు మారింది, సన్నబడింది. ఇంకా నెమ్మది చేశాను. చటుక్కున తేలికైంది.

గుండ్రటి గాజు బిళ్ళ మా అమ్మాయి అరచేతిలో పడింది.

ఇద్దరం అరిచాం. ఏమన్నామో తెలీదు. అది నన్ను ఎత్తి తిప్పబోయింది, "నడుం పట్టేస్తే?" అని నేనరిచాను, దాంతో నవ్వాగక కింద కూలబడింది. అత్తయ్య కాళ్ళు దించేసి, దగ్గరికొచ్చి, ఆ కన్నంలో వేలు పెట్టి చూశారు. ఇటు తిప్పి, అటు తిప్పి. "నున్నగా ఉందే!" అన్నారు.

మధ్యాహ్నానికి తొట్టిని దాని చోట నిలబెట్టి, కన్నానికి రబ్బరు వాషర్లు బిగించి, పైపు బాత్రూం దాకా వేసి, ఎత్తున పెట్టిన డ్రమ్ము నుంచి వచ్చే గొట్టానికి కుళాయి పెట్టి, తొట్టి నింపి, చేపల్ని మళ్ళీ వదిలాం. "కారిపోతే?" అనిపించింది. కిందేసి చూడ్డానికి పొడి కాగితం కావాలి. వెళ్ళి ఆయన చేతిలో పేపరు లాక్కున్నాను. మొహానికి అడ్డం పోయేసరికి ఎటు చూడాలో తెలీక ఆయన చేపల్ని చూశారు. పేపరు తడవలేదు. చేపలు కొత్త పైపు దగ్గర గుమిగూడి నోళ్ళు ఆడిస్తున్నాయి.

"ఏమండీ," అన్నాను. "వచ్చే ఆదివారం పొద్దున నేను ఇంట్లో ఉండను. ఎక్కడికో ఇంకా అనుకోలేదు. కుళాయి మీరే తిప్పాలి."

అమ్మాయి నవ్వాపుకుంటోంది. అత్తయ్య కొడుకుని చూస్తున్నారు. ఒట్టు గుర్తొచ్చిందో, కోపమొచ్చిందో, ఆయన కుర్చీలో అటూ ఇటూ సర్దుకున్నారు. నేను కదల్లేదు, మళ్ళీ అడగనూ లేదు. ఎవరూ మోయకుండా, ఎవరూ పీల్చకుండా, పాత నీళ్ళు నా కన్నంలోంచి గలగలా పోతూ ఉన్నాయి. ఆ చప్పుడే వింటూ నిలబడ్డాను. ఎంతసేపైనా నిలబడగలననిపించింది.

చివరికి ఆయన లేచి, కుళాయి దగ్గరికొచ్చి, దాని మీద చేయి వేసి ఆగారు.

"ఎటువైపు తిప్పాలి?"